గుమ్మాల చుట్టూ సాదా పట్టీలా, నగిషీ పట్టీలా?

నెల్లూరు వేదాయపాళెం నుంచి ఒక పాఠకురాలు వివరంగా ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. సారాంశం ఇది.

భార్యాభర్తలిద్దరి జీతాల మీద అప్పు తీసుకుని ఇల్లు కట్టుకుంటున్నారు. ప్లాస్టరింగ్ అయిపోయింది. గదుల్లో టైల్స్ పరిచారు. గోడ అడుగున నేలవెంట వేసే టైలు వరస, అంటే స్కర్టింగు, ఇంకా వెయ్యలేదు, పుట్టీ మొదలుపెట్టలేదు. మాఘమాసంలో గృహప్రవేశం. బుచ్చిరెడ్డిపాళెంలో పాత ఇల్లు పడగొట్టినప్పుడు వాళ్ళ మామగారు ఆరు టేకు ద్వారబంధాలను దెబ్బ తగలకుండా విప్పించి, వానకు తడవకుండా దాచారు. ఒక్కొక్కటి ఏడడుగుల ఎత్తు, నాలుగు బై మూడు అంగుళాల చెక్క. వాటిని కోయించి కొత్త ఇంట్లో ప్రతి గుమ్మం చుట్టూ లతలూ పూలూ చెక్కిన పట్టీలు కొట్టించాలని ఆయన కోరిక. ఈమెకేమో వంపులూ గాడులూ లేని సాదా పట్టీలు కావాలి. ఉద్యోగం చేసుకుంటూ పూలసందుల్లో దుమ్ము తుడుస్తూ కూర్చోలేనంటారు. ఇంటీరియర్ షాపు నుంచి తెల్లరంగు ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసేది) పట్టీ ముక్క తెచ్చి చూపిస్తే, మామగారు ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోయారట. వాళ్ళకు ఏళ్ళతరబడి తెలిసిన వడ్రంగి ఆచారి "సాదా పట్టీ మొండిగా ఉంటాదమ్మా, గోడ వంకరంతా బయటపడతాది, రేపు నన్ను అనొద్దు" అని చేతులెత్తేశారు. భర్త "మీరూ మీరూ తేల్చుకోండి" అని తప్పుకున్నారు.

ఆమె అడిగినవి: "నాది మొండిపట్టా? మన ఇళ్ళకు సాదా పట్టీలు పనికిరావా? మామయ్య మనసు నొప్పించకుండా దీన్ని ఎట్లా తేల్చాలి?"

సమాధానం

అమ్మా, మీ ఉత్తరంలో మూడు వేర్వేరు అభ్యంతరాలు ఒకటిగా కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీస్తే మీరు అనుకున్నంత తగువు లేదు. మీ అభ్యంతరం దుమ్ము గురించి, కంటికి నచ్చడం గురించి. ఆచారి అభ్యంతరం పని గురించి. మీ మామయ్య అభ్యంతరం పూల గురించి కాదని నాకనిపిస్తోంది. ఆయన లేచి వెళ్ళింది మీరు సాదా పట్టీ అన్నప్పుడు కాదు, ఎండీఎఫ్ ముక్క చేతిలో పెట్టినప్పుడు. అంటే ఇన్నాళ్ళు దాచిన టేకు ఇక అక్కర్లేదని చెప్పినట్టయింది. ఆ మాట మీరు అనలేదు, కానీ ఆయనకు అలాగే వినిపించి ఉంటుంది.

ముందు ఆచారి మాట తీసుకుందాం, ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. ద్వారబంధం చెక్క, దాని పక్కన గోడ సిమెంటు. చెక్క కాలాన్నిబట్టి కాస్త ఉబ్బుతుంది, కాస్త కుదించుకుంటుంది. సిమెంటు అలా కదలదు. అందుకే ఆ రెండూ కలిసేచోట వెంట్రుకవాసి పగులు తప్పదు. దాన్ని కప్పడానికి పుట్టిందే ఈ పట్టీ. నగిషీ పట్టీలో వంపులు, మెట్లు, నీడలు ఉంటాయి కాబట్టి గోడ నాలుగు మిల్లీమీటర్లు వంకరున్నా కన్ను పట్టుకోదు. సాదా పట్టీకి ఒకటే తిన్నని అంచు. అది గోడకు ఆనుకునే గీత ఎక్కడ సన్నమై ఎక్కడ లావైనా వెంటనే తెలిసిపోతుంది. చూడ్డానికి తక్కువ పనిలా కనిపించే పట్టీకి వెనక గోడపని ఎక్కువ, ఆ పనికి డబ్బు ఎవరూ లెక్కగట్టరు. మీ ఆచారి భయమంతా అదే: మేస్త్రీ వదిలేసిన వంకరకు మాట తను పడాల్సి వస్తుందని. కాబట్టి ఆయనతో వాదించకండి. గోడ సరిచేసే పని విడిగా మేస్త్రీకి అప్పజెబుతామని, దానికి విడిగా కూలి ఇస్తామని చెప్పండి. పట్టీల కూలి కూడా అడుగుల లెక్కన కాకుండా గుమ్మానికింతని మాట్లాడండి. అడుగుల లెక్కయితే తొందరపడక తప్పదు.

ఇప్పుడు మీ ఇంట్లో ఈ పని కుదురుతుందో లేదో మీరే చూసుకోవచ్చు. ఆరడుగుల అల్యూమినియం పట్టీ ఒకటి తీసుకుని ప్రతి గుమ్మానికి రెండు పక్కలా నిలువుగా, పైన అడ్డంగా ఆనించండి, సగం ఫ్రేము మీద సగం గోడ మీద పడేట్టు. చీకటి పడ్డాక వెనకనుంచి టార్చి వేస్తే వెలుగు ఎక్కడ కారుతుందో కనిపిస్తుంది. రెండు మిల్లీమీటర్ల లోపు సందు ఉంటే దిగుల్లేదు. మూడు, నాలుగు ఉంటే పుట్టీతో సరిచెయ్యొచ్చు, కానీ పట్టీ పక్కన మాత్రమే మెత్తితే గోడకు బొప్పి కట్టినట్టుంటుంది, అడుగున్నర వెడల్పున పలచగా లాగాలి. ఐదు దాటితే పుట్టీ పని కాదు. పుట్టీ ఒక్కో కోటు మిల్లీమీటరున్నర మించకూడదు, మందంగా వేస్తే ఎండి పెచ్చులూడుతుంది. అక్కడ మేస్త్రీ ప్లాస్టర్ కొట్టి మళ్ళీ వెయ్యాల్సిందే. ప్లాస్టరు ఫ్రేముకన్నా ముందుకు పొడుచుకొచ్చిన చోట పని ఇంకా తేలిక: పట్టీ కిందికి పోయే అంగుళం మేర ఉలితో చెక్కేస్తే చాలు, ఎలాగూ కనపడదు. ఫ్రేములు నిటారుగా ఉన్నాయో లేదో రసమట్టంతో, మూలలు మూలమట్టంతో చూడండి. ఫ్రేమే ఒరిగి ఉంటే ఆ గుమ్మానికి సాదా పట్టీ ఆలోచన మానుకోవడం మేలు, లేదా ఫ్రేము లోపలి అంచుకు కాకుండా నిటారు చూసే గుండుదారానికి సరిచూసి పట్టీ కొట్టించాలి. అప్పుడు ఒరుగుడు ఫ్రేము లోపలి అంచున పట్టీ కప్పకుండా వదిలిన గీతలో పడుతుంది, అది ఎవరి కంటా పడదు.

గోడలు పరవాలేదని తేలితే మీ ముందు నాలుగు దారులున్నాయి.

మొదటిది, నాకు బాగా నచ్చినది, మామయ్య దాచిన టేకుతోనే సాదా పట్టీలు. దీని లెక్క కొంచెం వివరంగా చెబుతాను, ఆయనతో మాట్లాడేటప్పుడు ఈ లెక్కే మీకు ఆసరా. పాత ద్వారబంధపు ఒక్కో కొయ్యలో, అంటే కమ్ములో, తలుపు ఆనడానికి తీసిన గాడి ఉంటుంది కాబట్టి ఆ పక్క చెక్క పూర్తి వెడల్పు రాదు. మూడంగుళాల మందాన్ని సామిల్లులో నాలుగంగుళాల వెడల్పు పలకలుగా కోస్తే మూడొస్తాయి, వాటిలో గాడి లేని రెండు మనకు పనికొస్తాయి. ఆరు ద్వారబంధాలకు పన్నెండు నిలువు కమ్ములు, ఆరు అడ్డకమ్ములు. అంటే నిలువు పట్టీలు ఇరవై నాలుగు, అడ్డపట్టీలు పన్నెండు. మీ ఇంట్లో మూడు పడగ్గదులు, పూజగది కలిపి నాలుగు గుమ్మాలకు రెండువైపులా, రెండు బాత్‌రూములకు బయటివైపు మాత్రమే కావాలి, లోపల టైల్స్ వస్తాయి గదా. నిలువు ఇరవై, అడ్డం పది. కోతలో పాడయ్యేవాటికి నాలుగూ రెండూ మిగులు. దాదాపు కొలిచినట్టు సరిపోతుంది.

చిక్కల్లా పొడవు దగ్గర. పాత కమ్ముకు పైన అడ్డకమ్ములో దిగే కూసం, కింద చెమ్మ తిన్న చివర తీసేస్తే ఆరున్నర అడుగులు మిగులుతుంది. ఏడడుగుల కొత్త ఫ్రేముకు నేల దాకా పట్టీ కావాలంటే ఆరడుగుల తొమ్మిదిన్నర అంగుళాలుండాలి. ఇక్కడే చీమకుర్తి నల్లరాయి అక్కరకొస్తుంది. స్కర్టింగు ఎత్తులోనే, నాలుగంగుళాల ఎత్తున, పట్టీ వెడల్పుకు సరిపడా చిన్న రాతిదిమ్మలు కోయించి ప్రతి నిలువు పట్టీ కింద పెట్టండి. అప్పుడు ఆరడుగుల ఐదున్నర అంగుళాలు చాలు, పాత చెక్క సరిపోతుంది. ఇంతకన్నా పెద్ద లాభం ఇంకోటుంది. మనం రోజూ తడిగుడ్డతో నేల తుడుస్తాం. చెక్క చివర నేలకు ఆనితే నీళ్ళు నిలువునా పైకి పీల్చుకుంటుంది, పాలిష్ అడుగునుంచి నల్లబడుతుంది, చెద కూడా అక్కడినుంచే ఎక్కుతుంది. రాతిదిమ్మ ఉంటే ఆ బెడద ఉండదు. గుమ్మానికి పసుపు రాసినప్పుడు మరక పడేదీ రాయి మీదే, తుడిస్తే పోతుంది.

కోయించే ముందు ప్రతి కమ్ముకీ గట్టి అయస్కాంతం తిప్పి చూడమనండి. పాత చెక్కలో విరిగిన మేకు ఒక్కటున్నా రంపం పళ్ళు పోతాయి, సామిల్లువాళ్ళు రెండోసారి మీ చెక్క ముట్టుకోరు. ఇరవై మిల్లీమీటర్ల మందాన కోసి, చిత్రిక పట్టాక నిలువు పట్టీలకు పదిహేను, అడ్డపట్టీలకు పద్దెనిమిది నిలిచేట్టు చూడాలి. పట్టీ వెడల్పు మూడున్నర అంగుళాలు: రెండున్నర ఫ్రేము మీద, ఒకటి గోడ మీద, ఫ్రేము లోపలి అంచు అరంగుళం బయటికి కనిపిస్తుంది. ఆ అరంగుళం అందానికి మాత్రమే కాదు. కీలు గుండ్రం ముందుకు పొడుచుకొస్తుంది, పట్టీ దాన్ని తాకితే తలుపు పూర్తిగా తెరుచుకోదు. తలుపు తెరిస్తే పట్టీకి కొట్టుకోకుండా నేలమీద ఆపుడు బిగించడమూ మర్చిపోకండి.

మూలల్లో 45 డిగ్రీల ఏటవాలు కోత వద్దని గట్టిగా చెప్పండి. చాలామంది వడ్రంగులకు అదే అలవాటు, కొత్తలో చక్కగానే ఉంటుంది. చెక్క పొడవునా దాదాపు కదలదు, వెడల్పులో కదులుతుంది. నెల్లూరులో కార్తీక మాసపు వానల్లో ఉబ్బినప్పుడు ఏటవాలు కోత బయటిమూలన నోరు తెరుస్తుంది, రోహిణి కార్తె ఎండల్లో లోపలిమూలన తెరుస్తుంది. నగిషీ ఉంటే కనబడదేమో గానీ సాదా పట్టీలో ఆ సందు మొట్టమొదట కంటబడుతుంది. దానికి బదులు అడ్డపట్టీని నిలువు పట్టీల నెత్తిన తిన్నగా కూర్చోబెట్టించండి. అడ్డపట్టీ పద్దెనిమిది మిల్లీమీటర్ల మందం, నిలువు పట్టీలు పదిహేను. ఆ మూడు మిల్లీమీటర్ల మెట్టు నీడలో చెక్క కదలిక దాగిపోతుంది. స్కర్టింగు మాత్రం పట్టీకన్నా పలచగా, పన్నెండు మిల్లీమీటర్లకు మించకుండా ఉండాలి. స్కర్టింగు పట్టీకన్నా ముందుకొస్తే ఆ చివర కోసిన అంచు బయటపడి పని మధ్యలో ఆపేసినట్టుంటుంది.

పట్టీ వీపున మధ్యలో మిల్లీమీటరున్నర లోతు తోడించాలి, అంచులు రెండూ గట్టిగా ఆనుకుంటాయి. ముందువైపు అంచుల పదును ఉప్పుకాగితంతో మిల్లీమీటరు మేర చంపాలి. పదునుగా వదిలేస్తే చీపురు తగిలినచోటల్లా పాలిష్ లేస్తుంది. రెండు కోట్లు పాలిష్ బల్ల మీదే, వీపుకీ చివరలకీ కూడా పట్టించి, తర్వాత బిగించాలి. ఒకవైపే పూస్తే చెమ్మ రెండోవైపు నుంచి ఎక్కి పట్టీ వంగుతుంది. తల లేని అంగుళంపావు మేకులు ఫ్రేములోకి మాత్రమే, అడుగుకొకటి. ప్లాస్టరులోకి మేకు కొడితే పెచ్చు లేస్తుంది. గోడవైపు సాగే గుణమున్న పీయూ (పాలీయురేథేన్) జిగురు చుక్కలు పెట్టాలి. చివరన గోడ, పట్టీ కలిసే గీతలో రంగు పట్టే అక్రిలిక్ సీలెంటే వాడాలి. సిలికాన్ పూస్తే దానిమీద రంగు నిలవదు, గోడకు రంగేసినప్పుడల్లా మెరిసే గీత మిగిలిపోతుంది.

రెండో దారి, సింహద్వారానికీ పూజగది ముందువైపుకీ నగిషీ, మిగతా అంతా సాదా. ఇది మొహమాటపు రాజీ అనుకోకండి, చూపుకీ బాగుంటుంది. ఇంట్లోకి వచ్చేవాళ్ళు ఆగి చూసే గుమ్మాలు ఆ రెండే, పండగపూట మీరు ఎలాగూ శ్రద్ధగా తుడిచేవీ ఆ రెండే. కాకపోతే రెండు రకాలూ ఒకే ఇంటివిగా కనిపించాలంటే వెడల్పు ఒకటే ఉండాలి, పాలిష్ రంగు ఒకటే ఉండాలి. పూలు పట్టీ పొడవునా కాకుండా అడ్డపట్టీ మధ్యలోనూ రెండు మూలల్లోనూ చెక్కిస్తే మిగతా భాగం సాదాగానే నిలుస్తుంది. సింహద్వారానికి వెడల్పెక్కువ కాబట్టి పాత అడ్డకమ్ము చాలదు, దానికి విడిగా చెక్క కొనాలి.

మూడోది మీరు తెచ్చిన తెల్ల పట్టీ. ఆధునికంగా ఉంటుంది, మాట నిజమే. కానీ ఎండీఎఫ్ కోసిన అంచుకు నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది, ఎండినా మళ్ళీ దిగదు. బాత్‌రూము గుమ్మాల దగ్గర, నేలకు దగ్గర అసలు వద్దు. తెలుపే కావాలనుకుంటే చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసే డబ్ల్యూపీసీ పట్టీ తీసుకోండి, నీళ్ళకు చెడదు, చెద పట్టదు. వేడికి కొంచెం సాగుతుంది కనక చివరల్లో మిల్లీమీటరు, రెండు వదిలి సీలెంటు పెట్టాలి. అయితే ఈ దారిలో మామయ్య టేకు మూలన పడుతుంది. దానికి ఇంకో చోటు, మెట్ల చేతికమ్మో ఊయలబల్లో, ముందే చూసి చెప్పగలిగితేనే ఈ మాట ఎత్తండి.

నాలుగోది, పట్టీయే లేకుండా ఫ్రేముకీ గోడకీ మధ్య పది మిల్లీమీటర్ల గాడి వదలడం. పత్రికల్లో బొమ్మలకు మనసు పోతుంది గానీ, ఇది ప్లాస్టరింగప్పుడు అల్యూమినియం పట్టీ పెట్టి చెయ్యాల్సిన పని. ఇప్పుడు గుమ్మం గుమ్మానికీ కోత మిషను పెట్టి కొయ్యాలి, అంచులు పళ్ళు పళ్ళుగా లేస్తాయి, వాటిని మళ్ళీ కట్టాలి. మీ దశలో ఇది సిఫారసు చెయ్యను.

అన్నిచోట్లా నగిషీయే పెట్టించడం కూడా ఒక దారే, దాన్ని కొట్టిపారేయను. గోడలు బాగా వంకరున్నాయని తేలితే అదే తెలివైన పని. అప్పుడు లోతు చెక్కడాలు కాకుండా పైపైన చెక్కే పలచని నమూనా ఎంచుకోండి, మెత్తని కుంచెతో దుమ్ము దులపొచ్చు.

మామయ్యతో మాట ఎట్లా ఎత్తాలని అడిగారు. నమూనా ముక్క, ఫోనులో బొమ్మ ఏదీ వద్దు. "మామయ్యా, మీ చెక్క ఆరు గుమ్మాలకూ సరిపోద్దా, ఒకసారి చూస్తారా" అని లెక్కతో మొదలుపెట్టండి. ఏ కమ్ములో ఈనెలు, అంటే చెక్కలోని సహజమైన గీతలు, బాగున్నాయో, ఏది హాల్లో కనిపించే గుమ్మానికి పెట్టాలో ఆయన్నే ఎంచమనండి. పాత టేకు ఈనెలు చెక్కడం లేని పలక మీదే బాగా కనబడతాయి, ఇది ఆయనకు మీకన్నా ఎక్కువ తెలుసు. మీ వారిని కూడా తప్పుకోనివ్వకండి. ఆచారితో కూలి మాట్లాడే బాధ్యత ఆయనకు అప్పజెప్పండి, ఆ మాట మీనుంచి పోతే అత్తింటి మనిషిని తప్పుబట్టినట్టవుతుంది, కొడుకు నుంచి పోతే కాదు.

తర్వాత ఒక పడగ్గది గుమ్మం మాత్రం రెండువైపులా పూర్తిగా చేయించండి, గోడ సరిచెయ్యడం, పట్టీ, పాలిష్, రంగు ఒక కోటు. ముగ్గురూ వారం చూడండి. నచ్చకపోతే పోయేది నాలుగు నిలువు పట్టీలు, రెండు అడ్డపట్టీలు, సరిగ్గా మీ దగ్గరున్న మిగులంత. మిగతావి అప్పుడు నగిషీకి మళ్ళించుకోవచ్చు.

స్కర్టింగు సంగతి. గోడతో సమానంగా లోపలికి పోయే స్కర్టింగు కావాలని రాశారు. ఇటుక గోడల్లో నాలుగంగుళాల ఎత్తున ప్లాస్టరు కోసి తీస్తే తొమ్మిది మిల్లీమీటర్ల టైలూ మూడు మిల్లీమీటర్ల జిగురూ సరిపోతాయి. కాంక్రీటు స్తంభాల దగ్గర మాత్రం ప్లాస్టరు పలచగా ఉంటుంది, అక్కడ టైలు బయటికే వస్తుంది, కాంక్రీటు చెక్కనివ్వొద్దు. ఒక గోడలోనే కొంత లోపల, కొంత బయట అయితే చూడలేరు. అందుకని నాలుగంగుళాల ఎత్తున, పైఅంచు గుండ్రం చెయ్యని తిన్నని స్కర్టింగు అన్నిచోట్లా కొంచెం బయటికే వేయించుకోండి. రాతిదిమ్మ ఎత్తు, స్కర్టింగు ఎత్తు ఒకటే ఉండేట్టు చూసుకోండి.

ఇక తేదీలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు. కోత ఇప్పుడే చేయించి, పలకల మధ్య పుల్లలు పెట్టి గాలి ఆడేట్టు కొత్త ఇంట్లోనే పేర్చండి. గోడపని, పుట్టీ మొదటి కోటు వాన తెరిపిచ్చిన రోజుల్లో. పట్టీలు బిగించడం డిసెంబరు చివరివారానికి ముందు వద్దు, తడిగాలికి ఉబ్బిన చెక్కను బిగిస్తే ఎండాకాలానికి సందులొస్తాయి. మాఘమాసానికి టైము సరిపోతుంది. సింహద్వారానికీ పూజగదికీ అడ్డపట్టీ పైఅంచున రెండేసి ఇత్తడి కొక్కేలు పాలిష్‌కు ముందే రంధ్రం చేసి బిగించమనండి, తోరణం కట్టినప్పుడల్లా మేకు కొట్టి పట్టీ చీల్చే పని ఉండదు.